గోడకెక్కని పేరు

పోయిన వేసవిలో మొయినాబాదులో ఉన్న మా తమ్ముడింటికి వెళ్ళేసరికి వాకిట్లో పెద్ద పంచాయితీ నడుస్తోంది. పదమూడేళ్ళ మా మేనకోడలు, గేటుకు వేయగా మిగిలిన నీలం పెయింటుతో ప్రహరీ గోడ మీద తన పేరు రాసిందట. మామూలుగా రాసినా ఊరుకునేవారేమో! బెలూన్లలా ఉబ్బిన అక్షరాలు, ఒకదాని భుజం మీద ఒకటి పడుతూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నాయి.

"ఆడపిల్ల పేరు పోయేటోళ్ళు వచ్చేటోళ్ళందరు చదువాల్నా?" అంటోంది మా అమ్మ. కొత్త సున్నం పాడయిందన్న బాధ కన్నా ఆ మాటే నా చెవిలో గట్టిగా పడింది.

పెద్దరికం వెలగబెడుతూ నేను కల్పించుకున్నాను. సాయంత్రం చేవెళ్ళ వెళ్ళినప్పుడు ఒక డ్రాయింగు పుస్తకం, స్కెచ్ పెన్నులు కొనిచ్చి, "ఇందులో ఎంత కావాలంటే అంత గీసుకో తల్లీ" అన్నాను. ఇల్లు శాంతించింది. నాకే మనశ్శాంతి లేకుండా పోయింది.

దాన్ని గ్రాఫిటీ అంటారట. ఎలా గీస్తారో పిల్లే నేర్పింది. ముందు పెన్సిలుతో సన్నగా పేరు రాసుకోవాలి. అది ఎముకల గూడు. దాని చుట్టూ ఒళ్ళు వచ్చేలా ఇంకో గీత. పక్క అక్షరం మీదికి ఒరిగినచోట వెనకదాని గీత చెరిపేయాలి. వెలుగు ఎటునుంచి వస్తోందో ఒకటే దిక్కు అనుకుని, దానికి ఎదుటి వైపున నల్లగా మందం పెట్టాలి. అంతే, అక్షరం కాగితం మీంచి లేచి నిలబడుతుంది! ఇంగ్లీషు అక్షరాలకైతే పనిగట్టుకుని ఒళ్ళు చేయించాలి గానీ మనవి పుట్టుకతోనే గుండ్రం. చిక్కంతా తలకట్లతోనూ వత్తులతోనూ. పిల్ల పేరులో రెండు వత్తులున్నాయి. ఒకదాన్ని ఉయ్యాలలా వేలాడదీసింది. నాకు ముచ్చటేసింది.

మన ముగ్గుల పుస్తకం గుర్తుకొచ్చింది. సంక్రాంతి ముగ్గు ముందుగా నోటు పుస్తకంలో చుక్కలు పెట్టి సాధన చేయని వాళ్ళం మనలో ఎవరున్నాం? గ్రాఫిటీ వాళ్ళ దగ్గరా అలాంటి గట్టి అట్ట పుస్తకమే ఒకటి ఉంటుందట. గోడకెక్కబోయే అక్షరం ముందు అందులో తయారవుతుంది. అంటే రెండు చోట్లా కాగితం దారే తప్ప ఊరు కాదు. నేను పిల్లకు దారి చూపించి, ఇదే ఊరని చెప్పినట్టయింది.

పరాయి గోడ మీద అడక్కుండా రాయడం తప్పే. న్యూయార్కులో ఇల్లిల్లూ తిరిగి కాగితాలందించే ఒక కుర్రాడు టాకీ 183 అని కనపడిన చోటల్లా తన పేరు రాశాడు. 183 వాళ్ళ వీధి నంబరు. 1971లో పేపరువాళ్ళు అతని గురించి రాశాక, అలా రాసేవాళ్ళు ఇంకా పెరిగారు. రైలు పెట్టెలు కడిగే వాళ్ళ గోడు ఎవరు విన్నారో మరి! ఆ గుంపులో ఆడపిల్లలు అరుదు. 1979లో లేడీ పింక్ అనే పిల్ల దిగింది. పెద్దయ్యాక ఆమె బొమ్మలు మ్యూజియాలకెక్కాయి. మన హైదరాబాదులోనే 2016లో ఎం.ఎస్. మక్తా ఇళ్ళ గోడల మీద చిత్రకారుల చేత పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. గోడ గలవాళ్ళు సరేనంటే అదే రంగు అలంకారమవుతుంది. నాకు ఈ న్యాయంతో పేచీ లేదు.

కానీ మా తమ్ముడి గోడ ఎవరిది? ఎలక్షన్లలో ఎవరో అడక్కుండా వచ్చి అదే గోడ మీద పార్టీ గుర్తు వేసిపోయారు. మొన్న సున్నం కొట్టించేదాకా అది అక్కడే ఉంది. దానికోసం ఏ పంచాయితీ జరగలేదు. గేటు పక్కన పలక మీద తమ్ముడి పేరుంది. ఇరవై ఏళ్ళుగా ఆ గేటు ముందు ముగ్గేసే మరదలి పేరు మాత్రం గ్యాసు పుస్తకం మీద ఉంది! ముగ్గుకు సంతకం ఉండదు, మధ్యాహ్నానికి చెరిగిపోతుంది, కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. గ్రాఫిటీ అంటే సంతకమే. గొడవ అక్కడొచ్చింది కాబోలు.

చేవెళ్ళ నుంచి తిరిగొస్తూ దారిలో మర్రిచెట్ల కింద ఆగాం. ఆ బీజాపూర్ రోడ్డు మీద దాదాపు 900 మర్రులు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టొద్దని జనం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆగినచోట ఒక మాను మీద కత్తితో చెక్కిన పేర్లున్నాయి. అన్నీ మగపిల్లలవే. మర్రికి గాటు పెడితే పాలు కారతాయి. మచ్చ మానదు.

"అన్నలు చెట్టు మీద చెక్కిన్రు గదా అత్తా, వాళ్ళనెవరన్న ఏమన్న అన్నరా?" అంది పిల్ల.

చెట్టుకు నొప్పి, కాగితానికి నొప్పి లేదు అని చెప్పబోయి ఆగిపోయాను. అది నిజమే, కానీ పిల్ల అడిగింది అది కాదు. ఎవరికీ నొప్పి కలగకుండా, ఎవరి కంటా పడకుండా రాసుకోమని నేను పుస్తకం కొనిచ్చాను. నేను రాసిన నవలలు మాత్రం ఊరంతా చదవాలి!

ఇంటికొచ్చాక, లోపలివైపు గోడైనా పిల్లకు వదిలేయమని తమ్ముణ్ణి అడిగాను. "చూద్దాంలే అక్కా" అన్నాడు. మా వాడి "చూద్దాం" సంగతి మీకు తెలీదు. డ్రాయింగు పుస్తకంలో మాత్రం ఇంకా పదకొండు పేజీలే మిగిలాయి.