27 ఏళ్లకే రిటైర్మెంట్

పుదుచ్చేరి ఉప్పలంలో ఇందిరాగాంధీ స్టేడియం బయట ఓ యానాం పెద్దమనిషి నన్ను ఆపి అడిగాడు: "మావాడు బంతి బాగా తంతాడండీ. దాంతో ఉద్యోగమొస్తుందంటారా?" రైల్వే స్పోర్ట్స్ కోటా ఆయన మనసులో ఉంది. కొడుకు మెట్టు మీద కూచుని బూటు విప్పుతున్నాడు. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయింది. తండ్రి చూపు అటు పోనేలేదు.

ఆ గోరు చూస్తే నాకు ఆస్ట్రేలియా ఆట గుర్తొచ్చింది. అక్కడ కోలబంతితో, జట్టుకి 18 మందితో ఆడే ఫుట్‌బాల్ ఒకటుంది. అక్కడ పద్దెనిమిదేళ్లు నిండీ నిండగానే పిల్లల్ని క్లబ్బులు డ్రాఫ్టులో ఎంచుకుంటాయి. ముప్పై దాటాక చాలామందికి ఆట ముగిసినట్టే. ఆటగాడి ఒళ్లు కౌలుకిచ్చిన పొలం. కౌలు గడువు తీరాక ఆ పొలంతో బతకాల్సింది సొంతదారే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ ఆటను ప్రదర్శనగా ఆడించారు. డబ్బుకి ఆడేవాళ్లకి ఒలింపిక్స్‌లో చోటు లేని రోజులు కాబట్టి అమెచ్యూర్లే దిగారు. ఆ ఒలింపిక్స్‌లోనే, మనం ఆడే మామూలు ఫుట్‌బాల్‌లో, మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, వయసు ఇరవై. మనవాళ్లూ కాగితాల మీద అమెచ్యూర్లే. పోలీసో రైల్వేయో జీతమిస్తే, బంతి తన్నేవాళ్లు.

నాలుగేళ్లకి రోమ్ ఒలింపిక్స్‌లో బలరాం హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. ఆ రోజు మన పుదుచ్చేరి ఎవరి పక్షాన ఉందో చెప్పడం కష్టమే! 1954లోనే పాలన మన చేతికొచ్చినా చట్టప్రకారం ఊరు ఇంకా ఫ్రాన్సుదే. 1962 ఆగస్టు 16న ఆ లెక్క తేలింది. మూడు వారాలు తిరక్కుండానే జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి భారత్ ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. బలరాంకి అర్జున అవార్డూ ఆ ఏడాదే. మరుసటి ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడు, 27 ఏళ్లకి. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయేనాటికి 86 ఏళ్లు. ఆట ఏడేళ్లు, ఆట తర్వాత అరవై ఏళ్లు.

అయ్యో, అర్ధాంతరంగా ఆగిపోయాడే అంటారు జనం. నాకలా అనబుద్ధి కాదు. రెండు ఒలింపిక్స్, ఒక ఆసియా బంగారం అర్ధాంతరమా? బాధ ఉన్నది ఆ అరవై ఏళ్ల దగ్గర. వాటికి ఆటగాణ్ని ముందుగా సిద్ధం చేసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ఇదే పుదుచ్చేరిలో ఒళ్లుని మరోలా చూసినవాళ్లూ ఉన్నారు. డెబ్భై దాటాక కూడా అరవిందాశ్రమం శ్రీమాత టెన్నిస్ ఆడేవారు. ఏటా డిసెంబరు 2న అరవిందాశ్రమం స్పోర్ట్స్ గ్రౌండ్‌లో జరిగే వ్యాయామ ప్రదర్శనలో పసిపిల్లల సరసన తల నెరిసినవాళ్లూ కనిపిస్తారు. అక్కడ రిటైర్మెంట్ లేదు. నిజమే, జీతమూ లేదు. ఇంటద్దె కట్టాల్సిన తండ్రికి ఆ దారి చూపించి ఊరుకోవడం పెద్దమనిషి తరహా కాదు.

అందుకే ఆయనకి ఇలా చెప్పాను: ఆడించండి. కోటా కోసమైనా సరే. కానీ చదువు మాన్పించకండి, గోరు కమిలితే వారం ఆపండి, ఆట అయిపోయాక ఏం చేస్తాడో ఇప్పుడే మాట్లాడే కోచ్ దొరికితే, పతకాల షెల్ఫ్ చిన్నదైనా సరే, పిల్లాణ్ని ఆయన దగ్గరికే పంపండి.