ప్రతిజ్ఞ చాలునా? తోడు వలయునా?

కార్తిక మాసము ప్రవేశించినంతనే గోదావరి డెల్టా గ్రామములలో నల్లని వస్త్రములు ధరించి, మెడలో తులసిమాల వేసికొన్నవారు తెల్లవారుజామున కాలువ రేవులలో స్నానములు చేయుచు కనిపింతురు. అది నలుబదియొక్క దినముల మండలదీక్ష. ఆ దినములలో మద్యమును తాకనివారిలో, అంతకు పూర్వము సీసా లేనిదే సాయంకాలము గడవనివారును ఉందురు. ఇంటివారి ఆనందమునకు మేర యుండదు. ఇరుముడి సమర్పించి, తిరిగివచ్చి, మాల తీసిన నాటి రాత్రియే వారిలో కొందరు మరల దుకాణము మెట్లెక్కుదురు. అప్పుడు లోకమనుమాట ఒక్కటే: "వానికి మనోబలము లేదు."

ఈ తీర్పు న్యాయమైనదేనా? నలుబదియొక్క దినములు నిలిచినది ఆ మనస్సే గదా! నిలిచినంతకాలము ఆ బలమెక్కడినుండి వచ్చినది? ఒక్క రాత్రిలో ఎక్కడికి పోయినది?

దీక్షలో నున్నవాడు ఒంటరివాడు కాడు. గురుస్వామి కలడు. స్నానమునకు తోడివారు కలరు. సాయంకాలము పందిరిలో భజన, ఎవరో ఒకరి యింట భిక్ష. నిన్నటివరకు "త్రాగుబోతు" అని పిలిచిన ఊరే నేడు "స్వామీ" యని సంబోధించును. ఒక పూట పూజకు రాకున్న, "స్వామికి ఒంట్లో బాగున్నదా?" యని వాకిటికి వచ్చి విచారించువాడొకడు కలడు. మాల తీసిన దినముననే ఇవి యన్నియు ఒక్కుమ్మడిగా ముగియును. దుకాణమునొద్ద మిత్రబృందము మాత్రము చెదరదు. అది పండ్రెండు నెలలును సిద్ధముగనే యుండును. కావున జారిపోయినది ప్రతిజ్ఞ ఒక్కటియే యనుటకు వీలులేదు. తోడు ముందు జారిపోయినది.

అయితే భక్తులైన గృహస్థులు గుర్తెరుగవలసిన విషయము మరియొకటి కలదు. ఏండ్ల తరబడి ఎక్కువగా త్రాగినవాడు ఒక్కనాట మానుట ప్రాణాపాయము కావచ్చును. ఆందోళనకును నిదురకును ఇచ్చు మాత్రల విషయమును ఇట్టిదే. క్లోర్‌డయజిపాక్సైడ్ 1960లోను, డయాజిపామ్ 1963లోను విపణికి వచ్చినవి. ఆల్ప్రజోలామ్ తరువాతి కాలమున వచ్చినది. మద్యమును, ఈ మాత్రలును మెదడులో ఇంచుమించు ఒకే తావున పనిచేసి దానిని శాంతపరచును. దీర్ఘకాలము అలవాటైన మెదడు ఆ శాంతిని బయటినుండియే ఎదురుచూచును. హఠాత్తుగా ఆపినచో అణగియున్న ఉద్రేకమంతయు పైకి లేచును: చేతులు వణకుట, చెమటలు, నిదురలేమి, కొందరికి మూర్ఛలు, మతిభ్రమ. మద్యము మానిన తొలి రెండు దినములలో మూర్ఛలును, రెండు మొదలు నాలుగు దినములలో మతిభ్రమయు రావచ్చును. మాత్రల విషయమున ఇది వారము దాటిన పిదపనైనను రావచ్చును. ఇంటివారు దీనిని గ్రహబాధ యనియో, దేవత పూనెననియో భ్రమించి తాయెత్తు కట్టించుటలో అమూల్యమైన గడియలు గడచిపోవును.

ఈ రెండు బంధములును ఒక్క పాత్రలోనే కలసిన దుఃస్థితిని తెలుగునాడు చూచినది. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటివి కలుపుచు వచ్చిరి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణములు మూతపడగా, తాము కల్లు మాత్రమే త్రాగుచున్నామని తలచినవారు వణకుచు, కలవరించుచు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పెద్దసంఖ్యలో చేరిరి. వారెవ్వరును మాత్ర మింగినవారు కారు. మాత్రయే వారిని మింగినది.

మరి మానుట యెట్లు? డెల్టావాసులకు ఇది చెప్పుట సులభము. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు సాగినపుడు, పడవలు ఎగువ మట్టమునుండి దిగువ మట్టమునకు దిగుటకు లాకులు కట్టిరి. పడవను లాకులో నిలిపి, తలుపులు మూసి, నీటిని కొద్దికొద్దిగ వదలుదురు. పడవ తనకు తెలియకయే దిగును. తలుపులు ఒక్కసారి తెరచినచో పడవ మిగులదు. మాత్రలు మాన్పించు వైద్యుడు చేయునదియు ఇదియే. మోతాదును వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టి దించును. త్రాగుడు మాన్పించుటకును వైద్యులు పెక్కుసార్లు ఈ తరగతి మాత్రలనే కొలది దినములు ఇచ్చి తగ్గింతురు. బంధించిన త్రాటినే పట్టుకొని దిగవలసివచ్చుట వింతయే.

లాకు వైద్యునిది. కాని రాత్రి రెండు గంటలకు, గుండె దడదడలాడుచుండగా, "ఇది పోవునా, ఇట్లే చచ్చెదనా?" యని అడుగుటకు వైద్యుడు చెంత నుండడు. భార్య యుండును, ఆమెకు భయము. తల్లి "నా మీద ఒట్టు పెట్టితివి గదరా నాయనా!" యని ఏడ్చును. అప్పుడు కావలసినది ఆ రాత్రిని తాను గడపినవాడు.

1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ నగరమున బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి ఒక హోటలులో ఒంటరిగా నుండెను. త్రాగుడు మాని అయిదు నెలలైనది. వచ్చిన వ్యవహారము చెడినది. మద్యశాలనుండి నవ్వులు వినవచ్చుచున్నవి. తాను నిలువవలెనన్న తనవంటి మరియొకనితో మాటలాడవలెనని అతనికి తోచినది. టెలిఫోనులో విచారించి, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసెను. పావుగంటకు మించి యుండనని వచ్చిన ఆ వైద్యుడు కొన్ని గంటలు కదలలేదు. మద్యమును గూర్చి అతనికి తెలియని శాస్త్రము లేదు. కాని ఉపదేశము చేయక తన కథను చెప్పుకొన్నవానిని అతడు చూచుట అరుదు. ఆ వైద్యుడు ఒకసారి జారి, మరల లేచెను. అతడు మద్యము విడిచిన జూన్ 10వ తేదీని ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము వారు తమ జన్మదినముగ ఎంచుదురు. ఇందు విశేషమేమనగా, తోడు వెదకుచు వచ్చినది మానవలసినవాడు కాదు, మానినవాడు. ఇచ్చువాడే అర్థియైనాడు.

శరణాగతికి చెప్పబడిన ఆరు అంగములలో కార్పణ్యమొకటి. "నా వలన కాదు" అను ఎరుక. యామునాచార్యులవంటి మహనీయులు స్తోత్రరత్నమున తమ దోషములను తామే చెప్పుకొనిరి. దానిని ప్రతిదినము పారాయణ చేయు ఇండ్లలోనే, మరిదియో అల్లుడో "నా వలన కాకున్నది" యని నోరు విప్పినచో పరువు పోయినదని తలుపులు మూయుదురు. ఇది విచారింపదగిన విషయము.

పురుషులకైన మాల కలదు, పందిరి కలదు. స్త్రీల సంగతి ఎవరు తలచుచున్నారు? ప్రసవానంతరమో, భర్త పోయిన పిదపనో ఇచ్చిన నిదురమాత్ర పదియేండ్లైనను బీరువాలోనే యుండును. 2014 నుండి ఇట్టి మాత్రలను వైద్యుని చీటీతోనే అమ్మి, వివరము వ్రాసిపెట్టవలెనని నిబంధన కలదు. అయినను పాత చీటీ తిరుగుచునే యుండును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు కలసికట్టుగ నిలిచి సారా దుకాణమును మూయించిరి. పరుల త్రాగుడుపై గుమిగూడిన ఆ స్త్రీజాతికి తన మాత్రను గూర్చి మాటలాడుకొనుటకు ఒక్క అరుగు లేదు. వాడపల్లి వేంకటేశ్వరుని సన్నిధికి ఏడు శనివారములు ప్రదక్షిణమునకు వచ్చు స్త్రీలలో ఇద్దరు ఈ మాట ఒకరితో నొకరు అనుకొన్నచో, వెంటనే వారు ఇద్దరే కారని తెలిసిపోవును.

తోడునందును దోషములు కలవు. "నేను ఒక్కనాట మానితిని, నీవును పారవేయుము" అనువాడు స్నేహితుడు కాడు. మోతాదు మార్చుట అతని పని కాదు. వణకుగాని, మూర్ఛగాని కనిపించిన అతడు చేయవలసినది వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవుట. మాటలాడుటకెవ్వరును దొరకనివారికి 14416, 14446 అను ప్రభుత్వ టెలిఫోను సంఖ్యలు కలవు.

ఆరునెలలు నిలిచి, ఇతరులకు ధైర్యము చెప్పి, ఒకనాడు తానే జారినవాని గతి యేమి? అతడు సిగ్గుతో గోష్ఠికి ముఖము చాటువేయును. తిరుప్పావైలో ఆరవ పాశురము మొదలు పదునైదవది వరకు గోదాదేవి చెలులతో వాకిలి వాకిలికి పోయి పదిమందిని మేల్కొలుపును. ముందు లేచినవారు తాము ముందు పోవచ్చును, పోలేదు. పదునాలుగవ పాశురములోని చెలి, అందరికంటె ముందుగ లేచి మిమ్ములను నేనే లేపెదనని పలికినది. ఆ తెల్లవారుజామున ఆమెయే నిదురించుచున్నది. చెలులు ఆమె మాటను ఆమెకే గుర్తుచేసి నవ్వుదురు. వాకిలి విడిచి మాత్రము కదలరు.