సున్నా పడిన రోజులు

కథలు రాయాలనుకునేవాళ్ళు కొత్త డైరీ మొదటి పేజీలో రాసుకునే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఈ ఏడు పన్నెండు కథలు. ఒక నవల. ఏదో ఒక పోటీలో బహుమతి. ఉగాదికల్లా సంపుటి. వీటిని నేను తప్పు పట్టను. ఆశ లేకుండా ఎవరూ తెల్లకాగితం ముందు కూర్చోరు. కానీ ఆ జాబితాను నిదానంగా చదివితే, అందులో సగం మన చేతిలో లేనివని తెలుస్తుంది. బహుమతి న్యాయనిర్ణేతలది, అచ్చు సంపాదకుడిది, సంపుటి అచ్చుకూలీకి డబ్బు సర్దుబాటు కావడాన్ని బట్టి. పోనీ పన్నెండు కథలైనా మన చేతిలోవేనా? రోజూ కూర్చోవడం మన వంతు. కూర్చున్న ప్రతిసారీ కథ వస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

ఈ ప్రశ్నను పట్టించుకోకుండా పని చేసుకుపోయినవాడు ఆంథొనీ ట్రాలోప్. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు, తపాలాశాఖ ఉద్యోగి. వీధుల్లో నిలబెట్టే తపాలా పెట్టెలను 1852లో బ్రిటిష్ తపాలాశాఖకు సూచించిందీ ఆయనే. తెల్లవారుజామున అయిదున్నరకల్లా బల్ల ముందు ఉండేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాసేవాడు. కొత్త నవల మొదలుపెట్టగానే ఒక డైరీని వారాలుగా విడగొట్టుకుని, ఏ రోజు ఎన్ని పేజీలయ్యాయో అందులో ఎక్కించేవాడు. సగటున వారానికి 40 పేజీలు, ఒకసారి 112 దాకా వెళ్ళాడు. లెక్క తగ్గిన వారాన్ని చూస్తే తనకెంత బాధో ఆత్మకథలో దాచకుండా చెప్పాడు. 'డాక్టర్ థార్న్' ముగించిన మర్నాడే మరో నవల మొదలుపెట్టాడు. అలా 47 నవలలు. ఆయన పోయాక 1883లో ఆత్మకథ బయటికొస్తే చాలామంది ముక్కున వేలేసుకున్నారు. కళను ఇలా కొలతపెట్టి పుట్టిస్తారా అన్నారు. ఆయన పేరు కొన్నాళ్ళు మసకబారింది కూడా.

నాకు ఆ ముక్కున వేలేసుకోవడం నచ్చదు. రాత అంటే పూనకమని నమ్మేవాళ్ళకు, ఉద్యోగం చేసి, వంట చేసి, పిల్లల్ని నిద్రపుచ్చి, మిగిలిన గంటలో రాసేవాళ్ళ సంగతి పట్టదు. పూనకం కోసం ఎదురుచూడటానికి కూడా తీరిక ఉండాలి కదా! కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా 'చందమామ' పని చూస్తూనే కథలూ నవలలూ వ్యాసాలూ అంత రాశిగా రాశారు. ఆయన లెక్క పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, రోజూ కూర్చోకుండా అంత రాత పోగవదు. రాసినదాన్ని లెక్కించుకోవడం అల్పమైన పనేమీ కాదు. రోజంతా కథ గురించి ఆలోచించాను కాబట్టి రాసినట్టే అని మనకు మనం చెప్పుకునే అబద్ధాన్ని ఆ అంకె ఒక్కటే పట్టుకుంటుంది.

అయినా నాకొక సందేహం మిగిలే ఉంది. ఆ లెక్క మనం ఎవరికి అప్పజెబుతున్నాం? పగలంతా ఆఫీసులో టార్గెట్ల కింద నలిగిన మనిషి, రాత్రి తనంత తాను ఎంచుకున్న పని ముందు కూర్చుని, అక్కడా ఒక టార్గెట్ పెట్టుకుంటే, ఆ ఇంట్లోకి వచ్చింది రచయితా, పై అధికారా? 1999లో అమెరికాలో ఇరవై ఒక్కమంది స్నేహితులు ఒక్క నెలలో 50,000 పదాల నవల రాయాలని సరదాగా మొదలుపెట్టిన పందెం, తర్వాత ఏటా నవంబరులో లక్షలమంది చేరే ఉద్యమమైంది. రోజుకు 1,667 పదాలు. 2025లో దాన్ని నడిపిన సంస్థ మూతపడింది. ఆ పందెం వల్ల మొదటిసారి ఒక పొడుగాటి రాతను చివరిదాకా తీసుకెళ్ళిన మనుషులున్నారు, అది చిన్న మేలు కాదు. అయితే డిసెంబరు ఒకటిన ఆ 50,000 పదాల ముందు కూర్చుంటే ఏ అంకె దారి చూపిస్తుంది? గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. పన్నెండేళ్ళ తర్వాత, 1909లో, దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. మనమిప్పుడు చదువుకునేది ఆ రెండోదే. ముందు రాసినదాన్ని చాలదనుకుని కొట్టేసిన రోజులను ఏ గడిలో వేయాలి? ఆ రోజు పదాలు తగ్గుతాయి, నాటకం పెరుగుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు సున్నాతో వస్తుంది. ప్రేగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేసిన కాఫ్కా, 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి కూర్చుని తెల్లారి ఆరింటికి లేచేసరికి 'తీర్పు' కథ పూర్తయింది. ఆయన డైరీల్లో ఏమీ రాయలేకపోయానని కుమిలిన పుటలకు కొదవ లేదు. ట్రాలోప్ పద్ధతిలో చూస్తే ఆ ఒక్క రాత్రి లాభం, మిగతావి నష్టం. ఆ ఎనిమిది గంటల్లోకి వచ్చిపడిందంతా ఎక్కడిది? ఏమీ రాయలేదని ఏడ్చిన రోజులు దానికి ఏమీ ఇవ్వలేదని చెప్పగలమా?

మన దగ్గర కథారచయిత కారా మాస్టారున్నారు. 'యువ'లో వచ్చిన ఆయన కథ 'యజ్ఞం' మీద ఎంత చర్చ నడిచిందో కథ చదివేవాళ్ళందరికీ తెలుసు. తర్వాత కొన్నేళ్ళకు ఆయన కథలు రాయడం దాదాపు ఆగిపోయింది. లెక్కపుస్తకంలో వేస్తే ఏళ్ళకు ఏళ్ళు సున్నాలే. ఆ ఏళ్ళలో కొత్తగా రాసేవాళ్ళ కథలు చదివారు, ఓపికగా మాట్లాడారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒకచోట దొరకాలని పాత పత్రికల వెంట పడ్డారు. 2021లో తొంభై ఆరేళ్ళ వయసులో పోయేదాకా ఆయన్ని రచయిత కాదని ఎవరూ అనలేదు. అలాగని ఆ మౌనాన్ని గొప్ప చేసి మాట్లాడను. ఆయన ఇంకో నాలుగు కథలు రాసి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. సున్నా బరువు నాకు తెలుసు. దాని లోపల ఏముందో చూడకుండా కొట్టిపారేయవద్దన్నదే నా పట్టుదల.

మా దూరపు చుట్టాలమ్మాయి ఒకతె వార్డు సచివాలయంలో పనిచేస్తుంది. నాలుగేళ్ళ కొడుకు. కథలు రాస్తుంది. మొన్న తన పుస్తకం తెచ్చి, "చూడు పిన్నీ, నా వల్ల కావడం లేదు" అని నా ముందు పెట్టింది. రూళ్ళ లాంగ్ నోట్‌బుక్, స్కేలు పెట్టి గీసిన గడులు: తేదీ, ఎన్ని పదాలు, మొత్తం. 300, 180, 420. మధ్యలో ఎర్రసిరాతో సున్నాలు. ప్రతి ఒకటో తారీకు ఎర్రగానే ఉంది, ఆ రోజు ఇంటింటికీ తిరిగి పింఛన్లు పంచాలి. ఒక ఒకటో తారీకు సున్నా పక్కన, అంచులో, పెన్సిలుతో చీమల్లాంటి అక్షరాలున్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. ముసలావిడకు వేలిముద్ర పడలేదట. కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టిందట. మళ్ళీ పడలేదు. మూడోసారి, ఏదో తప్పు చేసిన దానిలా, "ఇది నా వేలేనమ్మా" అందట.

"ఇది ఏ కథలోనైనా ఉందా?" అని అడిగాను.

"లేదు పిన్నీ. ఆ రోజు నేనేం రాయలేదుగా!"

నేను చాలాసేపు ఆ అంచు వైపే చూస్తూండిపోయాను. జీవితమంతా చాకిరీ చేసి గీతలరిగిపోయిన వేలు, తాను తానేనని ఒక యంత్రానికి రుజువు చూపించుకోవలసి వచ్చిన క్షణం అది. దాన్ని చూసిన కళ్ళున్నాయి, రాత్రి నిద్రకు ముందు పెన్సిలు వెతుక్కుని రాసుకున్న శ్రద్ధ ఉంది. కానీ ఆ పిల్ల గీసుకున్న మూడు గడుల్లో దానికి చోటు లేదు. తనను తాను సోమరి అనుకుంటోంది. మనిషి సాటిమనిషిని శ్రద్ధగా చూడటమే కథకు మూలధనమైతే, ఆ ధనం జమ అయిన రోజునే నష్టం కింద రాసుకుంటున్నాం. ఇంత తలకిందుల లెక్కను మనకు ఎవరు నేర్పారు?

ఇందులో న్యాయం సంగతి కూడా ఉంది. రోజూ ఇన్ని పదాలన్న నియమం, రోజు తన చేతిలో ఉన్న మనిషి చేసింది. ట్రాలోప్‌ను నిద్ర లేపి కాఫీ ఇవ్వడానికి ఒక నౌకరుండేవాడు, అందుకు ఏడాదికి అయిదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. ఇద్దరు కొడుకులను ఒంటిచేత్తో పెంచుతూ, ప్రచురణ సంస్థలో ఉద్యోగం చేస్తూ రాసిన టోనీ మారిసన్, క్రమంగా రాసే వీలు తనకుండేది కాదనీ, దొరికిన సందుల్లో, తెల్లవారకముందు రాసేదాన్ననీ చెప్పింది. మన ఇళ్ళల్లో రాసే ఆడవాళ్ళలో ఎక్కువమందిది ఆ దారే. లక్ష్యం పెట్టుకోమని చెప్పేవాళ్ళు, ముందు ఆ మనిషి రోజులో ఎన్ని నిమిషాలు ఆమెవో అడగాలి.

ఆ అమ్మాయికి లెక్క మానేయమని చెప్పలేదు. గడి గీసే ఓపిక ఉన్న చేయి కథ కూడా పూర్తి చేస్తుందని నా నమ్మకం. ఎదురు పేజీ ఖాళీగా ఉంది కదా, పెన్సిలు మాటలను అక్కడికి మార్చమన్నాను. ఏడాదికి పన్నెండు కథలన్న మాట తీసేసి, ఈ ఏడు ఏ ముగ్గురు మనుషులను బాగా తెలుసుకోవాలనుకుంటోందో రాసుకోమన్నాను. తను కాసేపు ఆలోచించి, "మరి ఆ రోజు పదాల గడిలో ఏం వేయను?" అంది.

"సున్నాయే వెయ్యి. రాయలేదు కదా! ఎర్రసిరా మాత్రం మానెయ్."

ముసలావిడ కథను సంక్రాంతిలోగా పూర్తి చేయాలని గడువు పెట్టుకుంది. ఆ రోజు చివరికి ఆమెకు డబ్బు ఎలా అందిందో, తర్వాత తన వేలి గురించి ఇంట్లో ఏమని చెప్పుకుందో తెలియకుండా మూడో పేజీ దాటలేకపోతోందట. వచ్చే ఒకటో తారీకున ఆ ఇంటికి చివర్లో వెళ్ళి, కాసేపు కూర్చుంటానంది.