కాయకమునకు కొలత కలదా?

12వ శతాబ్దిలో కల్యాణమున ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము జరుపుట అతని కాయకము. కన్నడమున ఆయ్ద అక్కి యనగా ఏరిన బియ్యమే. ఒకనాడు అతడు అలవాటుకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అక్కరకు మించినది ఆశయే యగునని చెప్పి, అధికమైన దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. ఈ కథను లోభమునకు విరుగుడుగా చెప్పుట పరిపాటి. కాని లక్కమ్మ సరిదిద్దినది సంపాదనను మాత్రమే కాదు, కాయకపు కొలతను కూడ.

ఆ కొలత నేటి కంప్యూటరు విభాగములలో తప్పుచున్నది. వేగముగా పెరుగు సంస్థ నొకదానిని తలచుకొన్నచో, ఉద్యోగులు 100 మంది ఉన్ననాడు యంత్రములను చూచుకొనువారు ముగ్గురు. ఉద్యోగులు 400 మంది అయినను ఆ ముగ్గురే. కొత్తవారికి ల్యాప్‌టాపులు సిద్ధపరచవలెను. మానివెళ్లిన వాని ఖాతాను నాడే మూయవలెను, లేనిచో తలుపు తెరచి విడిచినట్లే. కంటికి కనబడు పనులు ముందు జరుగును. బ్యాకప్పును తెరచి సరిచూచుట, తనకు తెలిసినదానిని మరియొకరి కొరకు వ్రాసియుంచుట వంటివి వాయిదా పడును. అర్ధరాత్రి సర్వరు ఆగినచో ముగ్గురిలో ఒకడు లేచి బాగుచేయును. తెల్లవారిన పిమ్మట ఆ సంగతి ఎవ్వరికిని తెలియదు. ఏమియు చెడలేదు గనుక ముగ్గురు చాలుదురని యజమాని తలచును.

ఆ మరుగున పడిన పనుల ఫలమెట్టిదో 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అను సంస్థలో బయటపడినది. ప్రోగ్రాములు వ్రాయువారు తమ పనిని భద్రపరచుకొను చోటది. డేటాబేసు చిక్కును తీర్చుటకు పొద్దుపోవువరకు శ్రమించిన ఇంజనీరొకడు వేరొక సర్వరనుకొని ముఖ్య సర్వరుపైననే తొలగింపు ఆజ్ఞ ఇచ్చెను. వెంటనే ఆపినను సుమారు 300 జీబీ పోయెను. బ్యాకప్పులను వెదకగా అవి చాలకాలముగా విఫలమగుచున్నవని తేలెను. విఫలమైనదని తెలుపు ఈమెయిళ్లు సైతము ఎవ్వరికిని చేరలేదు. వేరొక అవసరమునకు ఆరు గంటల ముందు తీసిన నకలు ఉండుటచే మాత్రమే తక్కినది దక్కెను. ఆ సంస్థ మెచ్చదగిన పని యొకటి చేసినది. బ్యాకప్పులను పరీక్షించు బాధ్యత ఎవ్వరికిని అప్పగింపబడలేదని తన నివేదికలో బహిరంగముగా ఒప్పుకొన్నది. తప్పును ఆ ఒక్కని నెత్తిన రుద్దలేదు.

అలసినవానికి కాయకపు మహిమను బోధించు యజమానులు కలరు. వారు నులియ చందయ్యను ఉదాహరింతురు. త్రాళ్లు పేనుటకై గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను అతడు పని విడువలేదు కదా యందురు. కథలోని మిగిలిన భాగమును వారు చెప్పరు. వెంటవచ్చిన లింగమునకు సైతము చందయ్య కాయకమును విధించెను. పనిలో పాలు పంచుకొననిచో లింగమునకే మినహాయింపు లేని చోట, ముగ్గురిపై పన్నెండుగురి బరువు మోపి లాభమును లెక్కించుకొనువానికి మినహాయింపు ఎట్లు కలుగును? సంస్థ పెరిగినది ఆ ముగ్గురి నిద్రతో. అది వారి ఇండ్లనుండి ఏరి తెచ్చిన అధికపు బియ్యము.

అట్లని ముగ్గురును చేతులు ముడుచుకొన్నచో నష్టపడువాడు యజమాని కాదు, నెలాఖరున జీతము అందని గుమాస్తా. కావున చేతిలోని పనిని విడుచుట ధర్మము కాదు. విడువవలసినది మౌనము. ఈ నెల ఏ పని జరుగలేదో, దానివలన ఏమి చెడునో కాగితముపై వ్రాసి పైవారి సంతకము తీసికొనుట కాయకములో భాగమే. ఇది ధిక్కారమనిపించుకొనును, కొన్ని చోట్ల ఉద్యోగమే పోవచ్చును. ఇల్లు గడువవలసినవానికి ఇది తేలికైన సలహా కాదు.

ఇక పనివానిలోను ఒక లోపము కలదు. తాను లేనిదే సంస్థ సాగదను తలపు తీయనిది. సెలవుపై స్వగ్రామము వెళ్లినప్పుడు ఫోను రానిచో లోలోపల చిన్నబోవువారు కలరు. అట్టివాని ప్రక్కన నాలుగవవానిని నియమించినను పాస్‌వర్డులు ఇతని తలలోనే యుండును. క్రొత్తవాడు ప్రతిదానికి ఇతని బల్లవద్దకే వచ్చి నిలుచును.