పూర్వపక్షము

న్యాయశాస్త్రమున వాదప్రతివాదములు మూడు విధములుగా చెప్పబడినవి. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షమును నిలుపబూనక ఎదుటివానిని ఖండించుటయే పనిగా గలది వితండ. ఎదుటివాని మాటయే వినకుండుట యను నాలుగవ విధము ఆ శాస్త్రకారులకు తోచలేదు. నేడు మన రాజకీయపక్షములలోనేకాక యిండ్లలోని భోజనపు పంక్తులలో సైతము నడచుచున్నది అదియే. పరపక్షమువాడు పొరపడినాడని మనము తలంపము, అమ్ముడుపోయినాడందుము. పొరపడినవానికి సమాధానము చెప్పవలెను, అమ్ముడుపోయినవానికి చెప్పనక్కఱలేదు. తృణీకారమునందలి సౌకర్య మిదియే.

పదవులును ధనమును ఉన్నచోట ఇట్లగుట వింత కాదు. అవి పందెముగా లేని మన భాషావివాదమును చూడుడు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిన జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమునకును, గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికపక్షమునకును నాయకులు. ఒకరు రెండవవారి భాషకు పెట్టిన పేరు 'గ్రామ్యము'. పేరు పెట్టుటతోనే తీర్పు ముగిసినది! రెండవవారును ఊరకుండలేదు, గ్రాంథికవాదుల రచనలలో వారి వ్యాకరణమునకే విరుద్ధములైన ప్రయోగములను ఏరి చూపిరి. అది మంచి యుక్తియే. కాని ఆ తప్పులను చూచి నవ్వినవారిలో ఎందఱు ఆ రచనలను చదివిరో!

భాషను చెఱుపవచ్చినారని నిందలు మోసిన రామమూర్తిగారు ప్రాచీన కావ్యములను, శాసనములను శోధించిన పండితులు. సవరల భాష నేర్చి దానికి నిఘంటువు కూర్చినవారు. ఛాందసులని ఎగతాళికి గుఱియైన పక్షమువారి పూనికవలన సూర్యరాయాంధ్ర నిఘంటువు పుట్టి, దాని ప్రథమ సంపుటము 1936లో వెలువడినది. వ్యావహారికము గెలిచిన యీ కాలమున, పాతమాటకు అర్థము కావలసిన వ్యావహారిక రచయిత తెఱచునది ఆ నిఘంటువునే.

వీరేశలింగము పంతులుగారి కథ పక్షాభిమానులకు మఱియు మింగుడుపడనిది. గ్రాంథికమున అన్ని గ్రంథములు వ్రాసినవారు, 1919లో, తాము మరణించిన యేటనే, వ్యావహారిక భాషాసమాజమునకు అధ్యక్షులైరి. మనస్సు మార్చుకొన్నవానిని విడిచిన పక్షము ద్రోహి యనును, చేరిన పక్షము మావాడనును. ఏల మారెనని అడుగువాడు అరుదు.

మన శాస్త్రగ్రంథములలో ఎదుటివాని వాదమును ముందుగా, పూర్వపక్షమను పేర వ్రాయుట ఆచారము. ఆ ఆచారమునే నేను తరగతిలో పెట్టి, మొన్నటి యెన్నికలనాడు పెద్దపిల్లలచేత తమకు గిట్టని పక్షమును సమర్థించు వ్యాసములు వ్రాయించితిని. ఒక బాలుడు మిక్కిలి చక్కగా వ్రాసెను. మఱునాడే వాని తండ్రి బడికి వచ్చి, మావాడు ఆ పక్షములో ఎప్పుడు చేరినాడని నన్నడిగెను.