తల్లి సాక్ష్యం

రోగి మాటకు జ్ఞానంలో స్థానం వున్నదా?

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, లైమ్ వూళ్ళో పిల్లల కీళ్ళు వాచాయి. పాలీ మరే అనే తల్లి, తాను జబ్బుపడి వుండి కూడా, లక్షణాలన్నీ రాసిపెట్టింది. అది మనోవికారమని కొందరు డాక్టర్లు తేల్చారు. 1975లో ఆమే, మరొక తల్లీ అధికారుల్ని కదిలించారు. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధనకు పూనుకుంది. పిడుదు మోసుకొచ్చే సూక్ష్మజీవి సంగతి 1982లో లోకానికి తెలిసింది. తొలిదశలో పట్టుకుంటే రెండు మూడు వారాల మందుతో సాధారణంగా నయమయ్యే జబ్బు అది!

అలాగని తల్లి మాటే తుదితీర్పు కాదు. దీర్ఘబాధకు నెలల తరబడి యాంటీబయాటిక్ వాడినా ప్రయోజనం కనిపించలేదని 2001 నాటి ప్రయోగాలు చెప్పాయి. అయినా చంటిపిల్లను చంకనేసుకుని తిరిగే తల్లిని కసిరికొట్టిన వైద్యమే ఆమెను ఆశలమ్మే వ్యాపారి గడపకు తోస్తున్నది. సాక్ష్యం వినాలి, పిదప పరీక్షించాలి. మొదటిది మానినవాడికి రెండోదాని పేరెత్తే హక్కు లేదు.