నాదం కర్రలో ఉందా, కూర్పులో ఉందా?

తంత్రీవాద్యాన్ని ఎదురుగా పెట్టుకుని ఆత్మ గురించి వాదించడం ప్రాచీనులకు అలవాటు. ప్లేటో రాసిన ‘ఫీడో’లో, మరణానికి సిద్ధంగా ఉన్న సోక్రటీస్ ముందు సిమ్మియాస్ ఒక సందేహం పెడతాడు. లైర్ వాద్యంలో కర్ర, తీగలు జడపదార్థాలు. శ్రుతి కంటికి కనబడనిది, దివ్యమైనది. అయినా వాద్యం విరిగితే కర్రముక్కలు మిగులుతాయి, ముందు పోయేది శ్రుతే. దేహంలో ఆత్మ కూడా అలాంటి కూర్పే ఎందుకు కాకూడదన్నది అతని ప్రశ్న.

బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలోని కథలో ఒక రాజు వీణానాదానికి మురిసి, ఆ నాదాన్నే తెచ్చిపెట్టమంటాడు. అది నాదపేటిక, చర్మం, తీగలు, మీటే పుల్ల, మనిషి ప్రయత్నం అన్నీ కలిస్తేనే పుడుతుందని సేవకులు చెప్పినా వినకుండా వీణను చీల్చి, కాల్చి, బూడిదను గాలికి ఎగరేసి, చివరకు వీణనే తిడతాడు. మనిషిగా కూడిన పంచస్కంధాల్లో ‘నేను’ కోసం వెతికినా అంతేనని బుద్ధుడి బోధ. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయికి చెప్పింది మరొకటి: వీణ నుంచి వెలువడ్డ ధ్వనులను విడిగా పట్టుకోలేం, వీణనో వాయించేవాణ్ణో పట్టుకుంటే ధ్వని పట్టుబడినట్టే.

ఈ మూడు మాటలు ఎంతవరకు నిలుస్తాయో చూడటానికి చవకగా దొరికే చిన్న అకూస్టిక్ గిటార్ మంచి పరీక్ష. ఖరీదైన వాద్యం ఇందుకు పనికిరాదు. దానిలో కర్రా మేలైనదే, పనితనమూ మేలైనదే కనుక ఏ గుణం దేనివల్ల వచ్చిందో విడదీయలేం.

చిన్న గిటార్ అంటే తక్కువ గిటార్ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మార్టిన్ కంపెనీ చేసినవన్నీ నేటి లెక్కన చిన్నవే. ఇప్పుడు అందరూ ప్రమాణమనుకునే పెద్ద డ్రెడ్‌నాట్ ఆకారం 1916లో డిట్సన్ సంస్థ కోసం మొదలై, 1931లో మార్టిన్ సొంత పేరుతో వచ్చింది. చిన్న ఒంటిలో మంద్రం బలం కొంత తగ్గుతుంది, కానీ ఒడిలో ఒదుగుతుంది. వేళ్లతో మీటేవారికి తీగల స్వరాలు విడివిడిగా వినబడతాయి.

కొనేటప్పుడు కర్రకు ఇవ్వాల్సిన విలువ కర్రకు ఇవ్వాల్సిందే. పై పలక ఒకే కర్ర నుంచి తీసినదా, పొరలు అతికినదా అన్నది తర్వాత మార్చలేని విషయం. యమహా ఎఫ్‌ఎస్800 వంటి తక్కువ ధర గిటార్‌కు కూడా సాలిడ్ స్ప్రూస్ పలక ఉంది. వెనకా పక్కలా పొరల చెక్క ఉన్నా పెద్దగా నష్టం లేదు. అంతకన్నా ముఖ్యంగా చూడాల్సింది బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ, అంటే శాడిల్ ఎత్తు. తీగలు ఎత్తుగా ఉండి, శాడిల్ అప్పటికే బ్రిడ్జ్‌లోకి కుంగినట్టు కనబడితే ఆ గిటార్‌ను వదిలేయాలి. మెడ కోణం సరిచేయడానికి అయ్యే ఖర్చు వాద్యం ధరనే మించిపోవచ్చు.

మిగతాదంతా కూర్పు, అంటే సెటప్. మొదట మెడలోని కడ్డీ, అంటే ట్రస్ రాడ్ తిప్పి మెడకు ఏడో ఫ్రెట్ (మెట్టు) దగ్గర సుమారు పావు మిల్లీమీటరు వంపు ఉంచుతారు. తర్వాత నట్, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీ. ఫ్యాక్టరీలు దాని గాళ్లను లోతు తక్కువగా వదిలేస్తాయి, ఎందుకంటే ఎక్కువ కోస్తే తీగ జరజరమంటుంది, కోసింది మళ్లీ పూడ్చడం కష్టం. ఆ జాగ్రత్త వల్లే కొత్త గిటార్‌లో మొదటి ఫ్రెట్ నొక్కితే వేలు నొప్పి, స్వరం కాస్త హెచ్చు. చివరకు శాడిల్ అడుగు అరగదీస్తారు. పన్నెండో ఫ్రెట్ తీగకు నడిమధ్య కనుక అక్కడ అర మిల్లీమీటరు దించాలంటే శాడిల్‌లో ఒక మిల్లీమీటరు తీయాలి. అక్కడ లావు తీగ కింద 2.4, సన్న తీగ కింద 1.8 మిల్లీమీటర్లు సాధారణంగా ఆమోదించే కొలతలు. 12 గేజి తీగల బదులు సన్నవైన 11 గేజివి వేస్తే బిగువు ఇంకా తగ్గుతుంది. కర్ర అదే, పలక అదే. వాద్యం మాత్రం వేరే వాద్యంలా పలుకుతుంది.

బొబ్బిలి వీణ ఎరిగిన తెలుగువారికి ఇది వింత కాదు. పనస మొద్దును తొలిచినంత మాత్రాన వీణ పూర్తికాదు, మైనంలో మెట్లు చెవితో సరిచూసి అమర్చాలి, కాలం గడిచాక మళ్లీ అమర్చాలి.

అంతమాత్రాన సిమ్మియాస్ గెలిచినట్టేనా? శ్రుతికి హెచ్చుతగ్గులుంటాయి, ఆత్మకు ఉండవు అని సోక్రటీస్ జవాబు. గిటార్ ఇందులో మొదటి సగాన్ని బలపరుస్తుంది. ఎంత సవరించినా దాని గాంధారం సహజమైన అంతర గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు (సెంటు అంటే ఒక స్వరస్థానపు ఎడంలో నూరో వంతు) హెచ్చుగానే ఉంటుంది. పన్నెండు స్వరస్థానాలను సమంగా పంచినందుకు చెల్లించే మూల్యమది, పూర్తి శ్రుతి అనేది ఇక్కడ లేదు. సోక్రటీస్ మరో ఆక్షేపణ ఇంకా పదునైనది: శ్రుతి తన భాగాల వెంట నడుస్తుందే గాని వాటిని నడపదు, ఆత్మ మాత్రం దాహాన్ని కూడా అణచగలదు. సరిగ్గా ఇక్కడే సిమ్మియాస్ ఉపమానంలో ఒక లోటు కనబడుతుంది. అందులో శ్రుతి చేసేవాడు లేడు. ఆకురాయిని నడిపేది ఇంకా పుట్టని శ్రుతి, పనివాడి చెవిలో ముందే ఉన్న శ్రుతి.

యాజ్ఞవల్క్యుడి వాక్యం వాయించేవాడికి చోటిచ్చింది. బౌద్ధ కథ కూడా ఇచ్చింది గాని, మనిషి ప్రయత్నాన్ని నాదపేటిక, తీగల సరసనే మరో కారణంగా లెక్కపెట్టింది, యజమానిగా కాదు. ఆ చెవి కూడా అభ్యాసంతో కూడిన కూర్పేనా అన్న ప్రశ్నను ఏ గిటారూ తీర్చలేదు. నాదం కర్రలో దాగిన సొత్తు కాదన్నంత వరకు మాత్రం తీర్పు స్పష్టం. కొనేవారు సాలిడ్ పలక, సరైన మెడ కోణం, శాడిల్‌లో మిగిలిన ఎత్తు చూసుకుని, నగిషీలకు పెట్టే డబ్బును సెటప్‌కు కేటాయించడమే సరైన లెక్క.